పారిశ్రామిక స్విచ్‌లలో ఓఎస్‌పీఎఫ్ అమరిక: తెగిన దారిని స్విచ్ ఎంతసేపటికి గుర్తిస్తుంది?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పరిశ్రమల నెట్‌వర్క్‌లో డైనమిక్ రూటింగ్ అవసరాన్ని వివరించగలుగుతారు.
• స్విచ్‌లో ఓఎస్‌పీఎఫ్‌ను అమర్చే క్రమాన్ని చెప్పగలుగుతారు.
• లింకు తెగినప్పుడు కలిగే ఆలస్యానికి కారణం గుర్తించి, దాన్ని తగ్గించగలుగుతారు.

1. పరిచయం

ఒక నీటి శుద్ధి కేంద్రాన్ని ఊహించండి. పంపుహౌస్, ఫిల్టర్ల భవనం, కంట్రోల్ రూమ్ – ఈ మూడు చోట్లా ఒక్కొక్క లేయర్-3 స్విచ్ ఉంది. మూడింటినీ ఫైబర్ కేబుళ్లు త్రిభుజంలా కలుపుతున్నాయి. పంపులను నడిపే పీఎల్‌సీ 10.10.1.0/24 సబ్‌నెట్‌లోను, ఆపరేటర్ కంప్యూటరు 10.10.3.0/24 సబ్‌నెట్‌లోను ఉన్నాయి. పంపుహౌస్, కంట్రోల్ రూమ్‌ల మధ్య కేబుల్ తవ్వకాల్లో తెగిందనుకుందాం. ఫిల్టర్ల భవనం మీదుగా రెండో దారి ఉంది. కాని ఆ దారికి మళ్లేవరకు ఆపరేటర్ తెర మీద ట్యాంకు నీటిమట్టం మారదు. పంపు ఆపమన్న ఆజ్ఞ పంపుకు చేరదు. కాబట్టి ఎంతసేపటికి మళ్లుతుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

2. ఓఎస్‌పీఎఫ్ ఎందుకు?

చేత్తో రాసిపెట్టిన స్టాటిక్ రూట్ తనంతట తాను కొత్త దారి వెతకదు. పాత ప్రోటోకాల్ అయిన రిప్ వెతుకుతుంది కాని, పొరుగు రౌటర్ మౌనంగా ఉండిపోతే ఆ దారిని వదులుకోవడానికి మామూలుగా 180 సెకన్లు తీసుకుంటుంది. 1998లో ప్రస్తుత రూపం పొందిన ఓఎస్‌పీఎఫ్ రెండో వెర్షన్‌లో, ఒక ఏరియాలోని ప్రతి రౌటర్ దగ్గర ఆ ఏరియా మొత్తం పటం ఉంటుంది. ఆ పటంపై డైక్‌స్ట్రా పద్ధతిలో తక్కువ ఖర్చు గల దారిని ప్రతి రౌటరూ స్వయంగా లెక్కిస్తుంది.

3. అమర్చే క్రమం

(అ) స్విచ్‌లో రూటింగ్‌ను ప్రారంభించి, ప్రతి స్విచ్‌కు వేరువేరు రౌటర్ ఐడీ ఇవ్వాలి.
(ఆ) ఇంత చిన్న నెట్‌వర్క్‌కు ఒకే ఏరియా, అంటే ఏరియా 0, సరిపోతుంది.
(ఇ) రెండు స్విచ్‌లను మాత్రమే కలిపే ఫైబర్ లింకులను పాయింట్-టు-పాయింట్ రకంగా ప్రకటించాలి. అప్పుడు ప్రధాన రౌటర్ ఎన్నిక, దాని కోసం వేచి ఉండడం తప్పుతాయి.
(ఈ) పీఎల్‌సీల వైపు ఉన్న ఇంటర్‌ఫేస్‌లను పాసివ్‌గా ఉంచాలి. ఆ సబ్‌నెట్ ప్రచారమవుతుంది కాని, అటు హలో ప్యాకెట్లు వెళ్లవు.
(ఉ) పీఎల్‌సీలో డిఫాల్ట్ గేట్‌వేగా దాని స్విచ్ చిరునామా ఇవ్వాలి. ఇది మరిస్తే రూటింగ్ అంతా సవ్యంగా ఉన్నా పీఎల్‌సీ నుంచి జవాబు రాదు.

రెండు స్విచ్‌లు పొరుగువి కావాలంటే ఏరియా, సబ్‌నెట్ మాస్క్, హలో, డెడ్ వ్యవధులు, పాస్‌వర్డ్ అమరిక రెండు వైపులా ఒకటే కావాలి. ఎమ్‌టీయూ తేడా ఉంటే పొరుగు సంబంధం మధ్యలోనే నిలిచిపోతుంది.

4. తెగిన సంగతి తెలిసే రెండు మార్గాలు

ఫైబర్ నేరుగా స్విచ్ పోర్టుకే కలిపి ఉంటే, అది తెగగానే పోర్టు డౌన్ అవుతుంది. స్విచ్ వెంటనే కొత్త దారి లెక్కిస్తుంది. కాని చాలా పాత ప్లాంట్లలో స్విచ్‌కు, ఫైబర్‌కు మధ్య మీడియా కన్వర్టర్లు ఉంటాయి. లింకు లోపాన్ని అవతలికి తెలియజేసే సౌకర్యం వాటిలో లేకపోతే, ఫైబర్ తెగినా రెండు చివరలా పోర్టు దీపం వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు స్విచ్‌కు మిగిలే ఆధారం హలో ప్యాకెట్లు ఆగిపోవడమే. ఇటువంటి లింకుపై మామూలు అమరికలో హలో 10 సెకన్లకొకసారి వెళుతుంది. 40 సెకన్ల మౌనం తరువాతే పొరుగు స్విచ్ లేదని నిర్ణయమవుతుంది. ఆఫీసులో ఇది చిన్న అసౌకర్యం. పంపుహౌస్‌లో ట్యాంకు పొంగడానికి చాలవచ్చు.

హలో 1, డెడ్ 4 సెకన్లుగా మార్చితే ఈ ఆలస్యం సుమారు 4 సెకన్లకు తగ్గుతుంది. ఇంకా వేగం కావాలంటే, స్విచ్‌లో ఉన్నట్లయితే బీఎఫ్‌డీని వాడాలి. వ్యవధిని అవసరానికి మించి తగ్గించకూడదు. స్విచ్ ప్రాసెసర్ కాసేపు తీరిక లేకుండా ఉన్నా మంచి లింకు తెగినట్లు లెక్కలోకి వస్తుంది.

5. జాగ్రత్తలు

వ్యవధులు మార్చేటప్పుడు దూరపు స్విచ్‌తో మొదలుపెట్టండి. దగ్గరి స్విచ్‌ను ముందు మార్చితే, దూరపుదాన్ని చేరే దారి మీరే మూసుకున్నట్లవుతుంది. అమరికను స్టార్టప్ కాన్ఫిగరేషన్‌లో భద్రపరచండి. లేకపోతే కరెంటు పోయి వచ్చాక చాలా స్విచ్‌లలో అది మిగలదు. ప్లాంటు ఆపిన సమయంలో నిరంతరంగా పింగ్ నడుపుతూ, రెండు కన్వర్టర్ల మధ్య ఫైబర్‌ను తీసి ఎన్ని సెకన్లు జవాబు ఆగిందో లెక్కించండి. పోర్టు దగ్గరి కేబుల్ తీసి చూస్తే పరీక్షించేది మొదటి మార్గాన్నే, రెండోదాన్ని కాదు.

6. సారాంశం

రెండో కేబుల్ వేయడంతో నెట్‌వర్క్‌కు భద్రత రాదు. మొదటిది తెగిన సంగతి స్విచ్‌కు ఏ మార్గంలో, ఎంతసేపటికి తెలుస్తుందో లెక్కగట్టి, వ్యవధులు అమర్చి, పరీక్షించిన తరువాతే వస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఫైబర్ తెగినా పోర్టు దీపం ఎందుకు వెలుగుతూ ఉండవచ్చు?
2. ఒక ట్యాంకు నిండి పొంగడానికి 25 సెకన్లు పడుతుంది. హలో, డెడ్ వ్యవధులను మామూలు అమరికలోనే ఉంచవచ్చా? కారణం రాయండి.