తసమదీయులకు 'స్మ' ఎవరు పెట్టారు?

నిన్న సాయంత్రం టీవీలో రాజకీయాల చర్చ నడుస్తుంటే మా మనవరాలు వచ్చి, "తాతయ్యా, తస్మదీయులంటే ఎవరు?" అని అడిగింది. "అస్మదీయులు కానివాళ్ళమ్మా" అనేశాను. పడుకున్నాక ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అస్మదీయులంటే మనవాళ్ళు. సంస్కృతంలో ఉన్న మాటే. 'మీవాళ్ళు' అనడానికి యుష్మదీయులు ఉంది, 'వాళ్ళ తాలూకు' అనడానికి తదీయులు ఉంది. తస్మదీయులు అన్నది మాత్రం ఆ భాషలో లేనే లేదు!

మరెక్కడిదంటారా? 1957లో వచ్చిన 'మాయాబజార్' లోది. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు అస్మదీయులను కాస్త సాగదీసి 'అసమదీయులు' అనిపించారు. దానికి జోడీగా 'తసమదీయులు' కట్టారు. ఎవరో ఒకరు పుట్టించకపోతే కొత్త మాటలెలా వస్తాయని ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడు సంబరపడి వీరతాడు వేయిస్తాడు. ఆ ఘట్టం టీవీలో ఎన్నిసార్లు వచ్చినా చేతిలో పని పక్కన పెట్టి చూస్తాను.

ఆ తరవాతి ముచ్చటే నాకు మరీ ఇష్టం. సినిమా మాట జనంలోకి, అక్కడినుంచి పత్రికల్లోకి వెళ్ళింది. చదువుకున్న చెవికి 'అసమ' తప్పుగా తోచి 'అస్మ' అని దిద్దింది. అది ఒప్పే. అదే ఊపులో 'తసమ'ను కూడా 'తస్మ' చేసింది. దిద్దడానికి అక్కడ అసలు మాటంటూ ఉంటే కదా!

మన మనసు పనితీరే అంత. విన్నదాన్ని అక్షరాలా దాచుకోదు. భావం ఉంచుకుని, గుర్తు చేసుకునేటప్పుడు తనకు అలవాటైన అచ్చులో బెల్లప్పాకంలా మళ్ళీ పోస్తుంది. 1967లో జాక్విలిన్ సాక్స్ అనే ఆవిడ కొందరికి ఒక కథ వినిపించి, అందులోని వాక్యాన్నే కొంచెం మార్చి మళ్ళీ చెప్పి చూసింది. అర నిమిషం కూడా గడవకముందే, అర్థం మారితే పట్టుకున్నారు గానీ మాటల వరస మారితే పోల్చుకోలేకపోయారు. అంతకుముందే కేంబ్రిడ్జిలో మనస్తత్వ శాస్త్రవేత్త బార్ట్‌లెట్ గారు అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషువాళ్ళ చేత చదివించి, తిరిగి చెప్పించారు. సీలు జంతువుల వేట కాస్తా చేపల వేట అయిపోయింది. ఆ సంగతులన్నీ 1932లో పుస్తకంగా వేశారు.

ఇలా మాట మారడం మన దగ్గరే కాదు. అమెరికాలో 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' అనే టీవీ సీరియల్ ఉంది. అందులోదంటూ లోకమంతా చెప్పుకునే మాట 'బీమ్ మీ అప్, స్కాటీ'. ఆ మొదటి సీరియల్లో సరిగ్గా అలా ఎవరూ అనలేదు. దగ్గరదగ్గరగా అన్నారంతే. కథలోంచి బయటపడ్డ మాటకు, అది ఎక్కడిదో తెలియడానికి ఒక ఆనవాలు కావాలి. అందుకే జనం స్కాటీ అన్న పాత్ర పేరును మాటకు తగిలించి పంపారని నాకనిపిస్తుంది. మన తసమదీయులకు ఆ అవసరం రాలేదు. పక్కన అసమదీయులు ఉన్నంతకాలం ఒకటి అనగానే రెండోది నోటికొచ్చేస్తుంది. ప్రాస చేసే మేలు అది.

ఆ మేలు చూడాలంటే మన కపిలేశ్వరపురం హరికథా పాఠశాల పిల్లల్ని చూడండి. చిడతలు పట్టుకుని గంటలకొద్దీ కథ చెబుతారు. పద్యానికి యతి ప్రాసలు, కీర్తనకు తాళం కాపలా. ఒక్క అక్షరం జారినా కాలి గజ్జె తడబడి చెప్పేస్తుంది. మామూలు మాటకు అలాంటి కాపలా ఎక్కడిది?

రేపు ఆదివారం కదా, ఈ తేడా చూడ్డానికి మీలో ఓ ఆరుగురు రండి. గుడి దగ్గర మొదటివాడి చెవిలో ఒక వాక్యం చెబుతాను. ఒకరి చెవిలోంచి ఒకరికి గోదారి రేవుదాకా తీసుకెళ్ళండి. తిరిగొచ్చేటప్పుడు తాళం వేస్తూ ఒక పద్యపాదం మోసుకురండి. రెండూ కాగితం మీద రాసి పక్కపక్కన పెట్టి చూద్దాం. చిడతలు నేను తెస్తాను.