విముక్తి పండుగకు పదెకరాల సొంత నేల

బానిసత్వం పోయిన ఏడేళ్లకే హ్యూస్టన్ నల్లజాతీయులు తలా కొంత చందా వేసుకుని ఒక స్థలం కొన్నారు. ఇల్లు కట్టుకోవడానికి కాదు, పంట వేసుకోవడానికీ కాదు. తమకు స్వేచ్ఛ వచ్చిన రోజును ఏటా తలెత్తుకుని జరుపుకోవడానికి!

జూన్‌లో హ్యూస్టన్ ఎండ మన రోహిణి కార్తె ఎండకు ఏమాత్రం తీసిపోదు. అయినా జూన్ 19న విముక్తి పండుగ జూన్‌టీన్త్ వచ్చిందంటే థర్డ్ వార్డ్ పేటలోని ఇమాన్సిపేషన్ పార్క్ జనంతో నిండిపోతుంది. బొగ్గుల మీద మాంసం కాలుతుంటుంది. వేదిక మీద గాస్పెల్, బ్లూస్ పాటలు సాగుతుంటాయి. ఎర్ర సోడా, పుచ్చకాయ, ఎర్ర కేకు... ఈ పండుగ తిండిలో ఎరుపు ఉండాల్సిందే. పూర్వీకులు చిందించిన నెత్తురుకు అది గుర్తని పెద్దలు పిల్లలకు చెబుతారు.

ఆలస్యంగా అందిన స్వేచ్ఛ

అంతర్యుద్ధం నడుస్తుండగా, తిరుగుబాటు చేసిన దక్షిణాది రాష్ట్రాల్లోని బానిసలందరూ స్వతంత్రులేనని అధ్యక్షుడు లింకన్ 1863 జనవరి 1న ప్రకటించారు. కానీ ఉత్తరాది యూనియన్ సైన్యం అడుగుపెట్టిన చోటే ఆ ప్రకటనకు విలువ. టెక్సస్‌లో ఆ సైన్యం పట్టు నామమాత్రమే. అందుకే దక్షిణాది యజమానులు ఎందరో తమ బానిసలను వెంటబెట్టుకుని అక్కడికి తరలిపోయారు. 1865 ఏప్రిల్‌లో దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయాక కూడా అక్కడ పరిస్థితి మారలేదు. చివరికి జూన్ 19న గాల్వెస్టన్ రేవులో యూనియన్ జనరల్ గోర్డన్ గ్రేంజర్ ‘జనరల్ ఆర్డర్ నంబర్ 3’ జారీ చేశాక, సుమారు రెండున్నర లక్షల మందికి చట్టం దృష్టిలో సంకెళ్లు తెగాయి.

ఆ ఉత్తర్వును చివరిదాకా చదివితే మనసు చివుక్కుమంటుంది. ఉన్నచోటే ఉండి కూలికి పనిచేసుకోండని, సైనిక శిబిరాల దగ్గర గుమిగూడవద్దని అందులో హితవు చెప్పారు. తరతరాలుగా దున్నిన భూమిలో సెంటు కూడా ఇవ్వలేదు. పంట ఇంటికి చేరేదాకా కబురే బయటకు పొక్కనివ్వని యజమానులూ ఉన్నారు.

నలుగురు పెద్దలు, 800 డాలర్లు

మరుసటి ఏడాది నుంచే జూన్ 19 పండుగైంది. కానీ జరుపుకొనే చోటేది? నగరంలోని స్థలాల్లోకి నల్లవారిని రానిచ్చేవారు కాదు. దాంతో ఆంటియోక్ బాప్టిస్టు, ట్రినిటీ మెథడిస్టు చర్చిల వారు చేతులు కలిపారు. జాక్ యేట్స్, రిచర్డ్ అలెన్, రిచర్డ్ బ్రాక్, ఎలియాస్ డిబుల్ ముందుండి నడిపించారు. 1872లో 800 డాలర్లు పోగుచేసి పదెకరాలు కొన్నారు. అదే ఇమాన్సిపేషన్ పార్క్. నలుగురూ ఒకనాటి బానిసలే.

వారిలో యేట్స్ కథ వింటే ఆ నేల విలువ తెలుస్తుంది. వర్జీనియాలో బానిసగా పుట్టిన ఆయనకు యుద్ధం ముగియకముందే స్వేచ్ఛ దక్కింది. భార్య హారియెట్, పిల్లలు మాత్రం వేరే యజమాని చేతిలో ఉన్నారు. ఆ యజమాని 1863లో టెక్సస్‌కు తరలిపోతుంటే, ఆలుబిడ్డలను వదులుకోలేక యేట్స్ మళ్లీ బానిసగా వారి వెంట నడిచారు. విముక్తి తర్వాత హ్యూస్టన్ చేరి, బండి తోలి బతికారు, ఆంటియోక్ చర్చికి పాస్టర్ అయ్యారు. చేతికొచ్చిన స్వేచ్ఛను కుటుంబం కోసం వదులుకున్న మనిషి, అందరి స్వేచ్ఛకూ ఒక చోటుండాలని కోరుకోవడంలో వింతేముంది?

పక్కవీధి పేరు

1918లో ఆ స్థలం నగర పార్కుల్లో చేరింది. 1922 నుంచి 1940 వరకు హ్యూస్టన్‌లో నల్లవారికి ప్రవేశమున్న పబ్లిక్ పార్కు అదొక్కటే. అంతకంటే పెద్ద అవమానం గేటు ముందే ఉండేది. పార్కును ఆనుకుని ఉన్న పెద్ద వీధికి డిక్ డౌలింగ్ పేరు పెట్టారు. ఆయన బానిసత్వాన్ని కాపాడుకోవడానికి పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యాధికారి. విముక్తి పండుగకు వచ్చేవాళ్లు తరతరాలుగా ఆ పేరు దాటుకునే లోపలికి అడుగుపెట్టారు. 2017లో ఆ వీధి ఇమాన్సిపేషన్ అవెన్యూగా మారింది. అదే ఏడాది, మూడు కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో పునరుద్ధరించిన పార్కు మళ్లీ తెరుచుకుంది. దాన్ని తీర్చిదిద్దిన ఫిల్ ఫ్రీలన్, వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం రూపశిల్పుల్లో ఒకరు. అయితే పార్కు పక్కనున్న ట్వామ్ వీధి పేరు అలాగే ఉంది. అది ఐర్లండ్‌లో డౌలింగ్ పుట్టిన చోటికి దగ్గరున్న ఊరి పేరు!

సెలవు వెనక నడక

హ్యూస్టన్ ప్రతినిధి అల్ ఎడ్వర్డ్స్ చొరవతో 1980లో టెక్సస్ జూన్ 19ని రాష్ట్ర సెలవుగా పాటించింది. దేశమంతటికీ సెలవు కావాలని పట్టుబట్టిన వారిలో ఫోర్ట్‌వర్త్ మాజీ ఉపాధ్యాయురాలు ఓపల్ లీ ముఖ్యులు. 1939లో సరిగ్గా జూన్ 19నే తెల్లవారి మూక ఆమె ఇంటి మీద పడి ధ్వంసం చేసింది. అప్పుడామెకు పన్నెండేళ్లు. 2016లో 89 ఏళ్ల వయసులో ఆమె వాషింగ్టన్ బాట పట్టి, రోజుకు రెండున్నర మైళ్ల చొప్పున ఊరూరా నడిచారు. టెక్సస్‌కు స్వేచ్ఛ రెండున్నరేళ్లు ఆలస్యమైందని గుర్తుచేసే లెక్క అది. 2021 జూన్ 17న జాతీయ సెలవు బిల్లు చట్టమైనప్పుడు వైట్‌హౌస్‌లో ఆమె ఉన్నారు.

హ్యూస్టన్‌లో తెలుగువాళ్లకు కొదవలేదు. భారతీయులకు అమెరికా తలుపులు బార్లా తెరిచింది 1965 వలస చట్టం. నల్లజాతీయుల పౌరహక్కుల పోరాటం తెచ్చిన ఊపులోనే ఆ చట్టం వచ్చింది. అక్కడ మనం కట్టుకున్న ఇళ్లకూ, చేస్తున్న ఉద్యోగాలకూ వారి పోరాటం దారి వేసింది. కాబట్టి జూన్ 19ని మరో లాంగ్ వీకెండ్‌గా గడిపేయకూడదు. పిల్లలను ఆ పార్కుకు తీసుకెళ్లాలి, యేట్స్ ఎవరో చెప్పాలి. ఉత్తర్వులు ఇచ్చేది ప్రభుత్వాలే కావచ్చు, ఆ స్వేచ్ఛను నిలబెట్టుకున్నది మాత్రం కూలి డబ్బుల్లోంచి చందా తీసిచ్చిన మనుషులే.