పాలపండ్ల పందెము

పందెమను మాట వినగానే మన యిండ్లలోని స్త్రీలు ముఖము త్రిప్పుకొనుట వింత గాదు. భారతమునందు కద్రువయు వినతయు ఉచ్చైశ్శ్రవము తోక తెల్లనిదా నల్లనిదా యని పన్నిదము వేసికొనిరి. కద్రువ తన కొడుకులగు సర్పములచే ఆ తోకను నల్లగా కనబడునట్లు చేయించి గెలిచెను, వినత దాసియయ్యెను. ఇందు గుఱ్ఱము చేసిన తప్పేమియు లేదు. పందెమున దోషమున్నచో అది జంతువుది గాదు, దానిని నిలిపినవారిది. ఈ మాటను మనసున నుంచుకొని లేతవయసు జంతువుల పందెములు ఎట్లు పుట్టినవో విచారింతము.

ఇంగ్లండు దేశమున పూర్వము గుఱ్ఱములకు వయసు వచ్చినగాని పందెమునకు తెచ్చెడివారు గారు. రాజులిచ్చు బహుమానములకై ఆఱేండ్ల గుఱ్ఱములు పెద్దబరువులు మోయుచు నాలుగేసి మైళ్లు, అదియు ఒక్కనాడే మరల మరల, పరుగెత్తెడివి. అది ఓర్పునకు పరీక్ష. అయితే పిల్లను అన్నియేండ్లు ఊరక మేపుట ధనికులకు సయితము భారమే. పెట్టినసొమ్ము త్వరగా చేతికి రావలెనను తొందర పెరిగెను, దూరములు తగ్గెను, వయసులును తగ్గెను. 1776లో సెయింట్ లెజర్, 1779లో ఓక్సు, 1780లో డెర్బీ యను పందెములు మూడేండ్ల గుఱ్ఱములకు ఏర్పడెను. 1786లో న్యూమార్కెట్టు మైదానమున రెండేండ్ల పిల్లలకే జూలై స్టేక్సు మొదలయ్యెను. బ్రిటనులో నేటికిని జరుగుచున్న రెండేండ్ల పందెములలో అదియే మిక్కిలి ప్రాచీనము.

1921లో ఆస్కాటు మైదానమున ఐదవ జార్జి పట్టమహిషియగు మేరీరాణి పేరిట మఱియొక పందెము వెలసెను. ఇది రెండేండ్ల ఆడుపిల్లలకు మాత్రమే. దూరము 5 ఫర్లాంగులు, అనగా ఒక కిలోమీటరునకు రవంత యెక్కువ. మనము పొంగిన పాలగిన్నెను దింపి వచ్చునంతలో, ఇంచుమించు ఒక్క నిమిషమున, అంతయు ముగిసిపోవును.

1923లో దీనిని గెలిచిన ముంతాజ్ మహల్ అను బూడిదవన్నె గుఱ్ఱము కరాచీలో జన్మించిన మూడవ ఆగాఖానుది. ఏడాదిపిల్లగా నున్నపుడు 1922లో 9,100 గినీలకు కొనబడినది. రెండవయేట ఆఱు పందెములలో అయిదింట గెలిచెను. మఱుసటియేట మైలు దూరపు వేయి గినీల పందెమున మాత్రము రెండవ స్థానమే దక్కెను; చిన్నదూరములందు మరల జయించెను. దాని పేరు నిజముగా నిలిచినది తల్లియైన పిదప. దాని కూతురి కడుపున పుట్టిన మహమూద్ 1936లో డెర్బీ గెలిచెను. వేఱొక కూతురి కొడుకగు నస్రుల్లా గొప్ప వంశకర్త యయ్యెను. కావున లేతనాటి వేగ మొక గుణము, నిలుకడ వేఱొక గుణము, సంతతికి బలము నిచ్చుట మఱియొక గుణము. ఒక్క నిమిషపు పరుగు ఈ మూడింటిని తూచజాలదు.

మఱియొక చిక్కున్నది. అచటి లెక్కలో గుఱ్ఱములన్నిటికిని జనవరి 1వ తేదియే పుట్టినదినము. ఫిబ్రవరిలో పుట్టినదియు మేలో పుట్టినదియు ఒకే యీడువని యెంతురు. పసితనమున మూడునెలల తేడా యెంతటిదో బిడ్డలను పెంచినవారికి చెప్పనక్కఱలేదు. ఆ వయసున ఎముకలు పూర్తిగా ముదిరియుండవు. తగుమాత్రపు సాధన వానిని గట్టిపఱచును. మితిమీరిన పరుగు వానిని చెఱచును.

ఆంగ్లేయుల యీ వినోదము మన తెలుగునేలకును వచ్చినది. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున 1886లో హైదరాబాదు పందెములు మలక్‌పేటకు మారినవి; నేటికిని అచటనే జరుగుచున్నవి. గుఱ్ఱపుపందెము నేర్పుమీద ఆధారపడినదే గాని కేవలము అదృష్టము గాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. నేర్పు గుఱ్ఱమునకును రౌతునకును ఉండవచ్చును. పందెము కాసినవాని యింట బియ్యపుడబ్బా అడుగంటినపుడు ఆ నేర్పు అక్కఱకు రాదు.

ఇక మన కృష్ణాతీరమున గుఱ్ఱముకంటె ఎద్దునకే గౌరవ మెక్కువ. విజయవాడ ఆటోనగరున బాగుపడు లారీల బలమును అశ్వశక్తి యని కొలుతురు గాని, లారీలు రాకమునుపు ఈ డెల్టా ధాన్యమును బండ్లపై మోసినది ఎద్దులే. ట్రాక్టరు వచ్చినపిదప పొలమున వాని పని తగ్గెను. ఒంగోలుజాతి ఎడ్లను ఇంకను మక్కువతో పెంచువారికి బండలాగుడు పందెములే ఒక ఊతమైనవి. సంక్రాంతి దినములలో గుడివాడ మొదలగు చోట్ల ఇవి జరుగును. నిర్ణీతకాలములో బండను ఏ జత యెంతదూరము లాగినదో కొలిచి బహుమానము లిత్తురు.

ఇందు మెచ్చదగిన నియమ మొకటి గలదు. ఇచట వయసును తేదీనిబట్టి గాక నోటినిబట్టి నిర్ణయింతురు. ఎద్దునకు క్రిందిదవుడ ముందుభాగమున 8 పాలపండ్లుండును. పైదవుడకు ముందుపండ్లే యుండవు. ఇంచుమించు రెండేండ్లు దాటినపిదప నడిమి రెండును ఊడి పెద్దపండ్లు వచ్చును. తరువాత జతజతగా తక్కినవి మాఱును. కావుననే పాలపండ్లు, రెండుపండ్లు, నాలుగుపండ్లు, ఆఱుపండ్లు అని తరగతులు చేసి, లేతవానికి తక్కువబరువు బండను కట్టుదురు. ఇంగ్లండువారు పంచాంగము నడిగిరి; మన రైతు దేహమునే యడిగెను. ఈ పద్ధతియే న్యాయమని నాకు తోచుచున్నది.

అయినను నియమముండుట వేఱు, దానిని పాటించుట వేఱు. చర్నాకోలతో ఒడలు వాయగొట్టి లాగించినచో పండ్లు లెక్కించియు ఫలము లేదు. బండచుట్టు చేరి సొమ్ము పందెము కాసినచో అది జాతిరక్షణ గాదు, జూదమే. ఈ జాతి 19వ శతాబ్దము నుండియు బ్రెజిలు దేశమునకు పోయి, నెల్లూరు పేరిట నెలోర్ అనిపించుకొని, అచట విస్తరించినది. పరదేశమువారు దానినంతగా ఆదరింపగా, పుట్టినింట దెబ్బలపాలు చేయుట మనకు తగునా?

సోదరీమణులారా, పందెపుదూడకు ఉలవలు ఉడుకబెట్టి, తవుడు కలిపి, కుడితి పట్టునది చాలయిండ్లలో మనమే. బరిలో దానిని తోలువారు మగవారైనను, దాని నోట ఇంకను పాలపండ్లే యున్నవని ముందుగా నెఱుగునది మనము. ఆ మాటను గట్టిగా చెప్పుటకు వెనుదీయరాదు. ఎద్దులయెడ మాత్రమే గాదు. పదియేండ్లు నిండని బిడ్డను తెల్లవాఱుజామున లేపి, పొరుగింటి బిడ్డ మార్కులతో తూచి, పెద్దపరీక్షల పరుగునకు ఇప్పటినుండియే కట్టుచున్న యిండ్లు మన విజయవాడలో కొల్లలు. త్వరగా పరుగెత్తిన బిడ్డను మెచ్చుకొందము. మెల్లగా ముదురు బిడ్డకు సమయమిత్తము. బండ బరువు పండ్లనుబట్టి యుండవలెనని తెలిసిన సీమ యిది. ఆ తెలివిని గాడిచెంతనే విడిచి యింటిలోనికి రాకుందుము గాక.