రేగడి నేలలో ఇంటి గోడల పగుళ్లు

వేసవికాలమున మన నల్లరేగడి చేలలో ఎద్దు కాలు దిగబడునంతటి నెఱ్ఱెలు విచ్చుట రైతు లెల్లరు ఎఱిగినదే. వానలు కురిసి నేల బాగుగా తడిసినంతట ఆ నెఱ్ఱెలు పూడిపోవును. చేని సంగతి ఇంత చక్కగా తెలిసిన మనము, ఆ నేలమీదనే ఇల్లు కట్టునపుడు మాత్రము దానిని మఱచుచున్నాము. గోడ పగిలినపుడు మేస్త్రీని నిందించి, పగులులో సిమెంటు కూరి, సున్నము కొట్టి ఊరకుందుము. మఱుసటి వేసవికి పగులు మరల అచ్చటనే కానవచ్చును. నేనును నా వంటయింటి గోడను మూడేండ్లు వరుసగా ఇట్లే పూడ్పించి డబ్బు వ్యర్థము చేసికొన్నవాడనే. ఆ గోడకు ఆవల స్నానపు నీరు నిలుచుచున్నదని నాలుగవ యేట గాని నా కంటబడలేదు.

రేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అను జాతి బంకమన్ను హెచ్చుగా ఉండును. అది నీటిని తనలోనికి తీసికొని ఉబ్బును, ఆరినపుడు కుంచించుకొనిపోవును. ఇంటిక్రింది నేల అంతటను తేమ ఒకే తీరున ఉన్నచో పునాది అంతయు ఒక్కటిగా లేచి ఒక్కటిగా దిగును. గోడకు అంతగా కీడు లేదు. ఒక మూల తడిసి మఱియొక మూల ఎండినపుడే పునాది వంకరగా కదలి గోడ చీలును. కావున పగులునకు మూలము గోడలో గాక, నేలలోని తేమ హెచ్చుతగ్గులలో వెదకవలెను.

పగుళ్లన్నియు ఒక్క తీరువి కావు. వెండ్రుకవలె సన్నమై పూతమీద మాత్రమే ప్రాకునవి సాధారణముగా పూత ఆరుటచే కలుగును. వానికి భయపడ బనిలేదు. వాకిళ్ల, కిటికీల మూలలనుండి ఏటవాలుగా సాగుచు, ఇటుకల సందులవెంట మెట్లుమెట్లుగా పోవునవి పునాది కదలికకు గుర్తులు. పగులు పైన వెడల్పై క్రింద సన్నగిల్లినచో గోడ కొన క్రుంగినదనియు, క్రింద వెడల్పై పైకి సన్నగిల్లినచో నడుమ క్రుంగినదనియు ఊహింపవచ్చును.

పూడ్చుటకు ముందు పరీక్షింపుడు. పగులునకు అడ్డముగా సన్నని గాజుముక్కను పెట్టి, రెండు కొనలను సిమెంటుతో అతికి, తేదీ వ్రాయుడు. గాజు పగిలినచో కదలిక ఇంకను సాగుచున్నదని అర్థము. నెలకొకమారు పగులు వెడల్పు కొలిచి, ఒక వేసవియు ఒక వానకాలమును గడచువఱకు వ్రాసి ఉంచుకొనుడు. వెడల్పు 5 మిల్లీమీటర్లు మించినను, తలుపులు బిగుసుకొన్నను, గోడ ఒరిగినట్లు తోచినను ఆలసింపక ఇంజనీరునకు చూపవలెను.

అల్పవ్యయముతో చేయదగిన పనులు కొన్ని కలవు. చూరు నీరు, స్నానపు నీరు, పశువుల కుడితితొట్టి నీరు గోడ మొదట నిలువకుండ కాలువ తీయుడు. ఇంటి చుట్టును ఒక మీటరు వెడల్పున, బయటికి వాలుగా గచ్చు చేయించుడు. వేప, రావి మొదలగు పెద్ద చెట్లను గోడ ప్రక్కన నాటకుడు. చెట్టు ఎంత యెత్తు పెరుగునో అంత దూరముండుట మేలు. అట్లని యెదిగిన చెట్టును ఒక్కసారిగా నఱకుటయు కీడే. వేళ్లు త్రాగుచుండిన నీరు నేలలో మిగిలి మన్ను ఉబ్బును.

క్రొత్తగా కట్టువారు, గరుసునేల దగ్గఱలోనే తగిలినచో రేగడిని దాటి గరుసుమీదనే పునాది వేయుడు. రేగడి మిక్కిలి లోతైనచోట అండర్ రీమ్డ్ పైల్స్ అను స్తంభపు పునాది మంచిది. బర్మాతో సుమారు 3.5 మీటర్ల లోతు గుంటలు తొలిచి, అడుగున స్తంభమునకు రెండున్నర రెట్లు వెడల్పుగా గుమ్మటమువలె త్రవ్వి, ఇనుప చువ్వలతో కాంక్రీటు పోయుదురు. ఎండవానల ప్రభావము అంతగా సోకని లోతున ఆ గుమ్మటము నాటుకొనుటచే పైమన్ను ఉబ్బినను ఇల్లు కదలదు. స్తంభములను కలుపు దూలము క్రింద మన్ను తగులకుండ కొంత ఖాళీ విడువవలెను.

సంఘమున ఋణము తీసికొని గోడలు బాగుచేయదలచిన సభ్యులు ముందుగా ఒకసారి ఇంటి చుట్టును తిరిగి, నీరు ఎటు పోవుచున్నదో చూడుడు. నీటిదారి మార్పక గోడకు పెట్టిన రూపాయి నెఱ్ఱెలో పోసిన విత్తనమువంటిది.