మడమ నుంచి మందు దాకా

అమెరికాలోని బఫెలోలో పనిచేసే రాబర్ట్ గత్రీ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త, ఏడా సూసీతో కలిసి 1963లో ఒక పరీక్షను ప్రకటించారు. పసికందు మడమ గుచ్చి, రక్తపు చుక్కల్ని మందపాటి వడపోత కాగితానికి అద్ది ఆరబెట్టడం, అంతే. హెచ్‌ఐవీ పేరు కూడా లోకానికి తెలియని రోజులవి. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు బిడ్డ మెదడును పాడుచేయకముందే పట్టుకోవాలన్నది ఆయన తపన. ఆ కాగితం తర్వాత చేసిన మేలు మాత్రం ఆయన ఊహకు కూడా అంది ఉండదు.

హెచ్‌ఐవీకి 1985లో పరీక్ష వచ్చింది. అది వెతికేది వైరస్‌ను కాదు, దానిపై ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను. పసిబిడ్డల దగ్గర ఇది చేతులెత్తేసింది. హెచ్‌ఐవీ ఉన్న తల్లి యాంటీబాడీలు మాయ దాటి బిడ్డ రక్తంలో చేరి ఏడాదిన్నర దాకా ఉండొచ్చు. అందువల్ల వైరస్ సోకని బిడ్డకూ ‘పాజిటివ్’ అనే రావచ్చు. పద్దెనిమిది నెలలు నిండాకే సంగతి తేలేది. మందు పడకపోతే, వైరస్ సోకిన పిల్లల్లో దాదాపు సగం మంది రెండేళ్ల లోపే చనిపోతారు. ఎందరో తల్లులు ఫలితం కోసం ఎదురుచూస్తూనే బిడ్డల్ని పోగొట్టుకున్నారు.

దారి చూపింది పీసీఆర్ అనే పద్ధతి. 1983లో కేరీ మల్లిస్‌కు తట్టిన ఆలోచన అది. హెచ్‌ఐవీ తెల్లరక్తకణంలో దూరి, తన జన్యువు నకలును ఆ కణపు డీఎన్‌ఏలోనే అతికిస్తుంది. ఆ ముక్కను పీసీఆర్ ఒకటికి రెండు, రెండుకు నాలుగుగా పెంచుతూ పోతుంది. ముప్పై విడతలు సవ్యంగా సాగితే వంద కోట్ల నకళ్లు. తల్లి యాంటీబాడీలతో దీనికి పనిలేదు. ఆరు వారాల బిడ్డకే జవాబు దొరుకుతుంది.

అయితే యంత్రం నగరంలో, బిడ్డ పల్లెలో. రక్తాన్ని చల్లగా ఉంచి పంపే వసతి ఎన్ని ఊళ్లలో ఉంటుంది? గత్రీ కాగితం మళ్లీ అక్కరకు వచ్చింది ఇక్కడే. నర్సు బిడ్డ మడమను వెచ్చబరిచి, పక్కవాటుగా గుచ్చి, కాగితం మీది గుండ్రాలను ఒక్కొక్కటిగా నింపుతుంది. అప్పడాల్లా ఎండలో పెట్టకూడదు, గాలికి నీడలోనే ఆరాలి. తర్వాత తేమ పీల్చే పొట్లంతో కలిపి సంచిలో మూసేస్తే, ఐసు పెట్టె లేకుండా మామూలు కవరులోనే ప్రయోగశాలకు చేరుతుంది.

తొందర ఎందుకో దక్షిణాఫ్రికాలో తేలింది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య వయసున్న, వైరస్ సోకిన పిల్లల మీద జరిగిన అధ్యయనం అది. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. జబ్బు ముదిరే లక్షణాలు కనిపించాకే మందు మొదలుపెడదామని ఆగిన 125 మందిలో 20 మంది చనిపోయారు. వెంటనే మొదలుపెట్టిన 252 మందిలో చనిపోయినవారు 10 మంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఈ కాగితపు పరీక్షను 2010లో మొదలుపెట్టింది.

కాగితానికీ ఒక లోపముంది. నమూనా వెళ్లి ఫలితం తిరిగి వచ్చేసరికి వారాలు పడుతుంది. ఈలోగా తల్లీబిడ్డలు వేరే ఊరికి వెళ్లిపోవచ్చు. అందుకే ఆస్పత్రి బల్లమీదే గంట, గంటన్నరలో జవాబిచ్చే చిన్న యంత్రాలు వచ్చాయి. మొజాంబిక్‌లో వీటిని వాడిన కేంద్రాల్లో, వైరస్ సోకిన పిల్లల్లో నూటికి దాదాపు 90 మందికి నమూనా తీసిన అరవై రోజుల్లో మందు మొదలైంది. పాత పద్ధతిలో ఆ లెక్క 13. తేడా అంతా ఫలితం చేతికందిన వేళలోనే ఉంది.

తల్లికి హెచ్‌ఐవీ ఉంటే, బిడ్డను ఆరో వారం టీకాకు తీసుకెళ్లిన రోజే ఈ పరీక్ష కూడా అడగండి. ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రాల్లో (ఐసీటీసీ) ఇది ఉచితం. వైరస్ లేదని వచ్చినా, చనుబాలు ఇస్తున్నంత కాలం ముప్పు ఉంటుంది కనుక, కౌన్సెలర్ చెప్పిన గడువుల్లో మళ్లీ చేయించాలి. పద్దెనిమిది నెలలకు చివరి పరీక్ష మానకండి. సందేహముంటే 1097కు ఫోన్ చేయండి.