పన్ను సరే... పూచీ ఎవరిది?

‘క్రిప్టో కొనడం చట్టబద్ధమేనా సార్‌?’ ఈమధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది. ‘పన్ను తీసుకుంటున్నారంటే చట్టబద్ధమేగా’ అని జవాబూ వాళ్లే చెప్పేస్తుంటారు. చిక్కంతా అక్కడే ఉంది.

క్రిప్టో వ్యాపారులకు సేవలు అందించొద్దని 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. క్రిప్టోపై నిషేధం లేదు, బ్యాంకులకు నష్టం జరిగినట్టు చూపలేదు, అలాంటప్పుడు అంత కఠిన చర్య తగదంది. ఇక 2022 బడ్జెట్‌లో ప్రభుత్వం దీన్ని ‘వర్చువల్‌ డిజిటల్‌ ఆస్తి’ అంది. లాభంపై 30 శాతం పన్ను, అమ్మకాలపై 1 శాతం టీడీఎస్‌ పెట్టింది. పన్ను వేసినంత మాత్రాన గుర్తించినట్టు కాదని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్‌ రాజ్యసభలోనే స్పష్టం చేశారు. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలను మనీలాండరింగ్‌ నిరోధక చట్టం కిందికి తెచ్చారు.

పన్ను లెక్క చూడండి. ఒక కాయిన్‌లో లక్ష లాభం, ఇంకోదాంట్లో లక్ష నష్టం వచ్చిందనుకుందాం. చేతికొచ్చింది సున్నా. అయినా నష్టాన్ని లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. సెస్సుతో కలిపి 31,200 రూపాయలు కట్టాల్సిందే!

మరి సొమ్ము పోతే? బ్యాంకు మునిగితే 5 లక్షల వరకూ డిపాజిట్‌ బీమా ఉంది. క్రిప్టోకి అదేం లేదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్‌ నుంచి హ్యాకర్లు 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో కొల్లగొట్టారు. మనవాళ్లు నెలల తరబడి సింగపూర్‌ కోర్టు వైపు చూడాల్సి వచ్చింది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఇదే.

2022 డిసెంబరులో ప్రయోగాత్మకంగా ప్రజల్లోకి వచ్చిన డిజిటల్‌ రూపాయి సంగతి వేరు. అది జేబులో నోటు లాంటిదే. వడ్డీ రాదు, కానీ పూచీ రిజర్వు బ్యాంకుది.

ఇంతవరకూ వచ్చిన నిబంధనలు ఖజానానీ, నిఘానీ చూసుకున్నాయి. కొనుక్కున్నవాణ్ని చూసుకునే చట్టమే ఇంకా రావాలి. ఖాతాదారుల ఆస్తిని ఎక్స్ఛేంజీ తన సొమ్ముతో కలపకూడదన్న నియమం, ఫిర్యాదు వినే అంబుడ్స్‌మన్‌... కనీసం ఈ రెండూ ఉండాలంటాను. అప్పటిదాకా కొనాలనుకుంటే, పోయినా ఇల్లు గడిచేంత సొమ్మే పెట్టండి. ఫైనాన్షియల్‌ ఇంటెలిజెన్స్‌ యూనిట్‌ దగ్గర నమోదైన ఎక్స్ఛేంజీయేనా అన్నది చూసుకోండి. అయితే ఆ నమోదు మీ డబ్బుకి హామీ మాత్రం కాదు.