వంటింట్లో గ్యాస్ లీక్: ప్రమాదం ఉండేది నేల దగ్గరే

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంతో తెలుగువారి అనుబంధం వందేళ్లు దాటింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఒకప్పుడు బొగ్గుల పొయ్యి మీద వంట చేసుకున్న ఇళ్లలో ఇప్పుడు గ్యాస్ బండ ఉంది. 2024 మార్చి 1న ఖరగ్‌పూర్‌లోని విద్యాసాగర్ పారిశ్రామిక పార్కులో ఏడాదికి 1,20,000 టన్నుల సామర్థ్యంతో ఇండియన్ ఆయిల్ సంస్థ గ్యాస్ నింపే కేంద్రం కూడా ప్రారంభమైంది. బండ ఇంట్లోకి వచ్చాక గొట్టం, రెగ్యులేటర్, పొయ్యి ఎలా ఉన్నాయో రోజూ గమనించగలిగేది మాత్రం ఇంటివారే.

పేలేది ఎక్కువగా బండ కాదు, గదిలోని గాలి

వంట గ్యాస్ అంటే ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఒత్తిడితో దాన్ని ద్రవంగా మార్చి బండలో నింపుతారు. బయటికి వస్తే ఆ ద్రవం సుమారు 250 రెట్లు వ్యాకోచించి వాయువవుతుంది. గాలిలో దాని వాటా దాదాపు 2 నుంచి 9 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా మండుతుంది. 'సిలిండర్ పేలింది' అని మనం వినే చాలా ప్రమాదాల్లో నిజానికి పేలేది గదిలో పేరుకున్న ఈ మిశ్రమమే. మంటల్లో బాగా వేడెక్కినప్పుడు బండ కూడా పగిలిపోవచ్చు.

ఒక చిన్న లెక్క చూద్దాం. పొడవు, వెడల్పు, ఎత్తు 3 మీటర్ల చొప్పున ఉన్న గదిలో 27 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అందులో 2 శాతం గ్యాస్ నిండడానికి దాదాపు 1.2 కిలోలు లీకైతే చాలు. 14.2 కిలోల బండలో ఇది పన్నెండో వంతు. ఇంకా తక్కువ లీకైనా ప్రమాదమే. ఈ గ్యాస్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. అందుకే గదంతా సమానంగా పరుచుకోదు. నేల మీద పొరలా నిలిచి, గుమ్మం కింది సందులోంచి పక్క గదిలోకి, నీళ్లు పోయే తూములోకి పాకుతుంది. కిటికీ తెరిచి ఉన్నా అది ఎత్తులో ఉంటే కింది గ్యాస్ త్వరగా పోదు. చలికి తలుపులన్నీ మూసుకునే డిసెంబరు, జనవరి రాత్రుల్లో మరింత జాగ్రత్త అవసరం.

ఆ వాసన ఎవరు కలిపారు?

వంట గ్యాస్‌కు సహజంగా వాసన దాదాపు ఉండదు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం న్యూ లండన్ పట్టణంలో వాసన లేని సహజవాయువు బడి భవనంలోకి లీకై పేలింది. 290 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలు. ఆ తర్వాతే గ్యాస్‌కు వాసన కలపడం చట్టాలకెక్కింది. మన బండలో కలిపేది ఇథైల్ మెర్కాప్టాన్. గ్యాస్ మండే స్థాయిలో ఐదో వంతు చేరేసరికే ముక్కుకు తెలిసేంత మోతాదులో దీన్ని కలుపుతారు.

అయితే అదే గదిలో కాసేపు ఉంటే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. జలుబు చేసినవారికీ, వయసు మీద పడినవారికీ సరిగా తెలియకపోవచ్చు. 'ఇందాక వాసన వచ్చింది, ఇప్పుడు లేదు' అని ఊరుకోకూడదు.

వాసన వస్తే ఏం చేయాలి?

వంటింట్లో లైటు, ఫ్యాను స్విచ్‌లను వేయకూడదు, ఆర్పకూడదు కూడా. రెండు సందర్భాల్లోనూ స్విచ్ లోపల సన్నని నిప్పురవ్వ పుడుతుంది. అగ్గిపుల్ల, అగరుబత్తి, దీపం ఏవీ వెలిగించకూడదు. పొయ్యి మీటలు, రెగ్యులేటర్ ఆపి, తలుపులు, కిటికీలు తెరవాలి. వీలైతే రెగ్యులేటర్ తీసి బండకు మూత బిగించాలి. ఇంట్లో అందరినీ బయటికి పంపి, బయటి నుంచే 1906కు ఫోన్ చేయాలి. ఇది గ్యాస్ లీకుల కోసమే ఉన్న అత్యవసర నంబరు. మంట అంటుకుంటే 101కు లేదా 112కు చెప్పాలి.

రాకుండా చూసుకోవడం

బండను ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే వాయువుకు బదులు ద్రవమే గొట్టంలోకి వస్తుంది. పొయ్యి బండ కంటే ఎత్తులో ఉండాలి. కొత్త బండ రాగానే సీలు, వాల్వు లోపలి రబ్బరు రింగు చూడాలి. బండ పిడి దగ్గరి పట్టీ మీద ఎ, బి, సి, డి అనే ఇంగ్లిషు అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి వరకు. మిగతావి వరుసగా మూడేసి నెలలు. ఆ గడువు దాటితే బండను తిప్పి పంపాలి.

గొట్టం ఐఎస్‌ఐ ముద్ర ఉన్నదై ఉండాలి. పగుళ్లు లేకున్నా ఐదేళ్లకోసారి మార్చాలి. లీకు ఉందో లేదో చూడడానికి అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాస్తే చాలు, లీకుంటే బుడగలు వస్తాయి. అగ్గిపుల్లతో పరీక్షించడం ప్రాణాలతో చెలగాటమే. రాత్రి పడుకునే ముందు పొయ్యి మీటతో పాటు రెగ్యులేటర్ కూడా ఆపాలి. అప్పుడు గొట్టం ఎలుక కొరికినా గ్యాస్ బయటికి రాదు.

బెంగాలీ, హిందీ మాట్లాడగలిగినా చదవలేని పెద్దలు ఇంట్లో ఉంటే, ఈ జాగ్రత్తలు వారికి తెలుగులోనే చెప్పాలి. 1906 అంకెలను ఇంటి గుమ్మం పక్కన, బయటికి వెళ్తూ కనబడేలా పెద్దగా రాసి పెట్టాలి.